నాలుకలో కుడి సగం

జూన్ 3

అక్కా,

నోరు మూసుకుని రాస్తున్నాను. చిన్నప్పట్నించీ నువ్వు నన్ను అడిగిన ఒకే ఒక్క సాయం ఇది, ఇన్నాళ్ళకి చేస్తున్నాను, సంతోషించు.

నిన్న డాక్టరమ్మ నా కింది దవడలో కుడివైపు జ్ఞానదంతం తీసేసింది. అది బుద్ధిగా నిటారుగా మొలవకుండా పక్క పన్ను మీదికి ఒరిగి పడుకుందట. పంటి చిగురు కోసి, పన్నుని ముక్కలు చేసి, ఒక్కో ముక్కా బయటికి లాగింది. ప్రస్తుతం నా కుడి బుగ్గ నాకంటే ముందు గదిలోకి వెళ్తోంది.

ఫోన్ చేద్దామంటే నాకు నోరు తెరుచుకోదు, నీకు వినపడదు. మనిద్దరం కలిసి ఆ ఫోన్‌ని ఏం ఉద్ధరిస్తాం? మెసేజి పెడితే నువ్వు "సరే" అని ఒక్క ముక్క కొట్టి ఊరుకుంటావు. నీచేత కడుపునిండా తిట్లు తినాలంటే కాగితమే గతి.

అసలు కష్టం విను. పన్ను తీసిన గుంటలో రక్తం గడ్డకట్టి మూతలా కూచుంటుందట. ఆ మూత కదిలితే కథ మొదటికొస్తుంది. అందుకని కొన్నాళ్ళపాటు దేన్నీ పీల్చకూడదు, జుర్రకూడదు, ఉమ్మకూడదు. నేను టీ కంపెనీలో రుచి చూసే ఉద్యోగిననీ, చెంచాడు టీ జుర్రుమని లోపలికి లాగి, నాలుకంతా తిప్పి, తొట్టిలో ఉమ్మెయ్యడమే పొద్దున్నించీ సాయంత్రం దాకా నా పని అనీ చెప్పాను. డాక్టరమ్మ నవ్వేసి, "అయితే నేను వద్దన్న పనులకే మీకు జీతం ఇస్తున్నారన్నమాట" అంది. నవ్వడానికి ఆమెకి దవడ బాగానే ఉంది.

ఈ నెలాఖరున పెద్ద బల్ల ఉంది. అంటే కొత్త పంట శాంపిళ్ళన్నీ కప్పుల్లో వరసగా పెట్టి, కొనేవాళ్ళ ముందూ తోటలవాళ్ళ ముందూ రుచి చూసి తీర్పు చెప్పే రోజు. ఆ తీర్పు చెప్పేది నేనే. నా కుర్చీ మీద కన్నేసి కూచున్న కొత్త టేస్టరొకడున్నాడు, నీకు చెప్పానుగా, అతనికి కనుబొమ్మలు అని పేరు పెట్టాను. టీ బాగుంటే అతని కనుబొమ్మలు నుదుటి మీదికి ఎక్కుతాయి, బాగోకపోతే ముడిపడతాయి. దాచుకోవడం చేతకాదు పాపం. ప్రస్తుతం నా సెలవులో అతను నా కుర్చీలో కూచుని కనుబొమ్మలు ఆడిస్తూ ఉంటాడు.

మీ మరదలు నమలనక్కర్లేనివేవో చేసి పెడుతోంది. వేడి టీ వద్దన్నారు కాబట్టి ఆమె టీ బాధ మాత్రం కొన్నాళ్ళు తప్పింది. పెళ్ళయినప్పట్నించీ ఆ టీ గురించి నాది ఒకే మాట, అది కుడితి. ఆమెదీ ఒకే మాట, "నచ్చకపోతే ఆఫీసులో తాగి రండి."

నేను తెచ్చిచ్చిన చెవి మిషను పెట్టుకుంటున్నావా, ఇంకా గుండీల డబ్బాలోనే మూలుగుతోందా?

వాచిన బుగ్గతో,
నీ తమ్ముడు


జూన్ 7

ఒరేయ్ బుగ్గా,

జ్ఞానదంతం పోయిందని అంత ఇదిగా రాశావు. అది ఉన్నన్నాళ్ళూ నువ్వు వెలగబెట్టిందేమిటి, ఇప్పుడు పోయి కొరత పడిందేమిటి? పైగా పడుకుందంటున్నావు. నీ ఒంట్లో మొలిచింది నిలబడి పనిచేస్తుందని ఎవరనుకున్నారు?

మా మగ్గాల షెడ్డులో ఒకమ్మాయికి పోయినేడు ఇదే పన్ను తీశారు. ఆ అమ్మాయిని పక్కన కూచోబెట్టుకుని అడిగి రాస్తున్నాను, జాగ్రత్తగా చదువు. గోరువెచ్చటి నీళ్ళలో కాస్త ఉప్పు వేసి నోట్లో పోసుకో. తలని మెల్లగా అటూ ఇటూ వంచు. తర్వాత నోరు తెరిచి నీళ్ళు వాటంతటవే కింద పడేలా వదిలెయ్. పుక్కిలించకు. ఉమ్మకు. ఇది రెండోసారి రాస్తున్నాను, ఎందుకంటే నువ్వు ఏ కాగితమైనా సగం చదివి మడతపెట్టే రకానివి. ఉమ్మకు.

ఇంట్లో కూచో. టీ ఆకులు నువ్వు లేకుండా ఎండిపోవు, అవి ఎండిపోయే వచ్చాయి.

చెవి మిషను సంగతి ఎత్తకు. పెట్టుకుంటే కుంయ్‌మంటుంది. నాకు దాంతో పనేముంది? షెడ్డులో అన్ని మగ్గాలు ఒక్కసారి మోగుతుంటే చెవులున్నవాళ్ళకి మాత్రం ఏం వినపడి చచ్చింది? అక్కడ అందరం పెదాలు చూసే మాట్లాడుకుంటాం. పడుగు పోగు తెగిందా, పోగుని అటూ ఇటూ మోసే నాడె గతి తప్పిందా అన్నది మగ్గం మీద చెయ్యి వేస్తే నా అరచేతికి తెలుస్తుంది. సూపర్వైజరుగా నాకు అంతకంటే ఏం కావాలి? ఇక ఇంట్లో మీ బావ సంగతి తెలిసిందే. పేపరు వెనక్కి వెళ్ళారంటే మనిషి ఉన్నారో లేరో తెలీదు. ఆ మౌనమునికి ఈ చెవిటి పెళ్ళాం, బంగారంలా సరిపోయాం.

నా మరదలి టీని కుడితి అనడం మానుకో. ఆ పిల్ల కాబట్టి నీకు ఇంకా కప్పులో పోసి ఇస్తోంది.

అక్క


జూన్ 11

అక్కా,

నీ ఉప్పునీళ్ళు తగలెయ్య! చచ్చి బతికాను.

నువ్వు చెప్పావు కదా అని ఉప్పునీళ్ళు పట్టాను. మూత ఊడిపోయింది. గుంటలో ఎముక బయటపడిందట. డ్రై సాకెట్ అంటారట. పేరు వింటే కరెంటు పనివాడిని పిలవాలేమో అనిపిస్తుంది గానీ, నొప్పి మాత్రం దవడలో మొదలై చెవిలోంచి పోయి నడినెత్తిన కూచుంది. పన్ను తీసినప్పుడు దీన్లో పావలా వంతు లేదు. మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాను. ఆమె గుంట కడిగి లవంగం వాసనొచ్చే మందేదో కూరి, "ఏం చేశారు?" అని అడిగింది. "మా అక్క ఉప్పునీళ్ళు పట్టమంది" అన్నాను. మీ అక్కకి నా నమస్కారాలు చెప్పండి అంది. అది నమస్కారంలా అనిపించలేదు.

ఇప్పుడు లోకమంతా లవంగమే. అన్నం లవంగం, మంచినీళ్ళు లవంగం, ఆఖరికి దిండు కూడా లవంగం వాసనే. నాలుక కుడివైపు ఇంకా మొద్దుగానే ఉంది. మత్తుమందు ఇంకా పూర్తిగా దిగినట్టు లేదు. నాకు కాస్త ఎక్కువ డోసు ఇచ్చారు కాబోలు.

ఇక సెలవు పెట్టడం కుదరదు. ఎల్లుండి నించి బల్ల దగ్గరికి వెళ్తున్నాను. నువ్వు మాత్రం ఇంకెవరికీ వైద్యం చెయ్యకు.

లవంగంతో,
తమ్ముడు

వదినా, కవరు అంటించమని నా చేతికిచ్చారు కాబట్టి ఈ కింది జాగాలో రాస్తున్నాను. ఉప్పునీళ్ళ మాట నమ్మకండి. నీళ్ళు కలిపి పెడితే ముట్టుకోనేలేదు. అసలు మీ ఉత్తరం రాకముందే, మూడో రోజున, కొత్త శాంపిళ్ళు వచ్చాయని తెలిసి, డాక్టరు దగ్గరికని చెప్పి ఆఫీసుకి పోయారు. సాయంత్రం చొక్కా మీద టీ తుంపర్లతో ఇంటికొచ్చారు. డాక్టరుగారు టీ తాగించి పంపించారా అంటే దవడ పట్టుకుని వెళ్ళి పడుకున్నారు.

అదలా ఉంచండి. నిన్న చల్లార్చిన టీ ఇస్తే తాగి, "బాగుంది" అన్నారు. నాకు భయంగా ఉంది.
మీ మరదలు


జూన్ 15

ఒరేయ్ దొంగా,

నా ఉప్పునీళ్ళా? నా ఉప్పునీళ్ళేనా? నువ్వు బల్ల దగ్గరికి పోయి జుర్రుకుని, ఉమ్మి, మూత ఊడగొట్టుకుని, నేరం తెచ్చి నా గిన్నెలో పోస్తావా? ఆ డాక్టరమ్మ ఇప్పుడు నన్ను ఎంత మూర్ఖురాలిని అనుకుంటోందో! నా ఉత్తరం తీసి చూడు, "ఉమ్మకు" అన్న మాట రెండుసార్లు ఉంటుంది. రెండోది కాస్త ఒత్తి రాశాను, కాగితం వెనక్కి తిప్పితే వేలికి కూడా తగులుతుంది.

అది పోనీ. రెండో సంగతికి రా. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆ పిల్ల టీని ఒక్కసారి మెచ్చుకున్న పాపాన పోలేదు. చుట్టాల ముందు కూడా మొహం చిట్లించేవాడివి. అలాంటివాడివి ఉన్నట్టుండి "బాగుంది" అన్నావంటే, దాని వెనక ఏదో ఉంది. మగాళ్ళు ఏదో వెధవపని చేశాకే పెళ్ళానికి మెచ్చుకోళ్ళు మొదలుపెడతారు. మీ బావ పోయినసారి నా చీర బాగుందన్నప్పుడు, నా కుట్టుమిషను పక్కింటివాళ్ళకి ఎరువిచ్చి విరగ్గొట్టించారని సాయంత్రానికి తేలింది.

ఎవరది? ఆఫీసులో పనిచేసేదా? మూడో రోజునే దవడ పట్టుకుని పరిగెత్తింది శాంపిళ్ళ కోసమేనా? డాక్టరు పేరు చెప్పి ఇంట్లో అబద్ధమాడి వెళ్ళడమెందుకు? ఆ పిల్ల అమాయకురాలు, నాకు భయంగా ఉందని ఒక్క ముక్క రాసి ఊరుకుంది. నేను అంత అమాయకురాలిని కాను. నిజం రాయకపోతే వచ్చే ఆదివారం బస్సెక్కి వస్తాను. రెండో బుగ్గ కూడా వాచిపోతుంది.

అన్నట్టు, మత్తుమందు ఇన్ని రోజులు దిగకుండా ఉండటమేమిటి? మా షెడ్డు అమ్మాయికి ఆ సాయంత్రమే దిగిపోయిందట. నిన్న పక్కన కూచోబెట్టుకుని మరీ అడిగాను.

అక్క


జూన్ 19

అక్కా,

బస్సెక్కకు. ఎవరూ లేరు. నాకు ఇంటి బయట ఉన్న ప్రేమ ఒక్క టీ మీదే, అదే నన్ను వదిలేసి పోయింది.

మత్తు దిగిపోయి చాలా రోజులైంది. దిగనిది మందు కాదు. నా నాలుకలో కుడి సగం చచ్చిపోయింది. అది నాది కానట్టుంది. తింటూ తింటూ దాన్ని నేనే కొరుక్కుంటున్నాను, ఎర్రగా కనిపిస్తే గానీ కొరుక్కున్నట్టు తెలీదు. ఎడమవైపు ఏదో తెలుస్తుంది గానీ, దానికి లవంగం అడ్డం. మీ మరదలు ఇచ్చింది టీయో కాఫీయో కూడా తెలీలేదు. కప్పులో ఉంది కదా అని తాగాను, ఏదో ఒకటి అనాలి కదా అని బాగుందన్నాను. అంతమాత్రానికే ఆమెకి భయం, నీకు అనుమానం! ఈ ఇంట్లో మంచిమాటకి ఉన్న విలువ ఇదీ.

డాక్టరమ్మకి చెప్పలేదు. చెప్తే "ఇక రాదు" అంటుందేమో. అనకపోతే ఇంకా ఆశ ఉన్నట్టే కదా. మీ మరదలికీ చెప్పలేదు, నువ్వూ చెప్పకు. నాలుక లేని టేస్టరుని ఎవరుంచుకుంటారక్కా? నాకు వచ్చిన పని ఇదొక్కటే. ఇది పోతే నేనెవర్నో నాకే తెలీదు.

అయినా నీ తమ్ముడు అంత తేలిగ్గా దొరికిపోయే రకం కాదు. ఉపాయం కనిపెట్టాను. బల్ల దగ్గరికెళ్ళగానే కనుబొమ్మలతో, "ముందు మీరు కానివ్వండి, నేర్చుకోవాలి కదా" అంటున్నాను. అతను జుర్రుకుంటాడు. కనుబొమ్మలు పైకెళ్తే నేను చెంచా నోటికి తాకించి, "పస ఉంది, చురుగ్గా ఉంది" అంటాను. ముడిపడితే "వగరెక్కువ, పక్కన పెట్టండి" అంటాను. మిగతాది ఆకు రంగూ తీరూ చూసి కల్పిస్తాను. ఇంతవరకూ ఒక్కటీ తప్పలేదు. కొత్తవాళ్ళని చక్కగా తయారు చేస్తున్నానని మొన్న మా కంపెనీ పెద్దసారు నలుగురిలో మెచ్చుకున్నారు. కనుబొమ్మలు కూడా నాకు వంగి దణ్ణం పెట్టాడు. ఆ దణ్ణం అతని మొహానికి పెట్టాలి.

పెద్ద బల్ల కూడా ఇలాగే గట్టెక్కితే చాలు. ఈలోగా నాలుక వస్తుంది. రావాలి.

తమ్ముడు


జూన్ 23

తమ్ముడూ,

ఇవాళ తిట్టను. తిట్టడానికి మనసు రావడం లేదు.

ఎదుటివాళ్ళ మొహం చూసి బతకడం నువ్వు కనిపెట్టినట్టు రాశావు. ఒరేయ్, ఆ విద్యలో నేను నీ అమ్మమ్మలాంటిదాన్ని. నలుగురు నవ్వితే నవ్వుతాను. తలలు ఊపితే ఊపుతాను. పెదాలు కనపడకపోతే కళ్ళు చూసి లెక్కగడతాను. నన్ను చూసి మంచి మాటకారి అంటారు, ఎందుకంటే నలుగురిలో ఉంటే ఎడతెగకుండా నేనే మాట్లాడతాను, ఒక్క ప్రశ్న కూడా అడగను. అడిగితే జవాబు వినాలి కదా.

పోయిన వారం షిఫ్టు మారేటప్పుడు మా షెడ్డు అమ్మాయి వచ్చింది. దుమ్ముకి మూతి చుట్టూ గుడ్డ కట్టుకుని ఉంది. కళ్ళు చిన్నవి చేసి, భుజాలు కదుపుతూ ఏదో చెప్పింది. నవ్వుతోందనుకున్నాను. ఇంట్లో పెళ్ళి సంబంధాలు చూస్తున్నారని అంతకుముందు విన్నాను కదా, కుదిరిందనుకున్నాను. వీపు తట్టి, "పోనీలేవే, ఎప్పటికైనా తప్పేది కాదు, త్వరగా అయిపోయింది, మంచిదేగా" అన్నాను.

వాళ్ళమ్మ పోయిందని చెప్తోందట.

ఆ పిల్ల నన్ను చూసిన చూపు చెప్పలేను. ఎవరో పక్కకి లాగి నాకు కాగితమ్ముక్క మీద రాసి చూపించారు. ఆ సాయంత్రం అన్నం తినలేకపోయాను. మీ బావకి కూడా చెప్పలేదు. నీకే చెప్తున్నాను, అదీ నువ్వు అదే గుంటలోకి నడుస్తున్నావు కాబట్టి.

నువ్వు చూస్తున్నది టీ కాదు, ఒక మనిషి కనుబొమ్మలు. అవి టీ కోసమే కదులుతాయని ఎవరు చెప్పారు? అతనికి ఇంట్లో గొడవైనా కదులుతాయి, కడుపునొప్పి వచ్చినా కదులుతాయి. ఆ కప్పు వెనక ఏడాదంతా ఆకు తెంపినవాళ్ళుంటారు. వాళ్ళ కష్టాన్ని నువ్వు ఎవడి మొహమో చూసి పక్కన పెట్టేస్తావా?

ఇద్దరం ఒక ఒప్పందానికొద్దాం. నువ్వు డాక్టరమ్మకీ పెద్దసారుకీ నిజం చెప్పు. చెప్పిన రోజే నేను గుండీల డబ్బా తెరుస్తాను. కుంయ్‌మన్నా సరే, నా చెవి నేనే మెలిపెట్టుకున్నట్టు పెట్టుకుంటాను.

అక్క


జూన్ 29

అక్కా,

నీ ఉత్తరం పెద్ద బల్ల రోజు పొద్దున్నే వచ్చింది. జేబులో పెట్టుకుని వెళ్ళాను. చదివాక వెళ్ళి ఉంటే బాగుండేది.

హాలు నిండా జనం. తెల్ల కప్పులు బారుగా పెట్టారు. కొనేవాళ్ళు ఒకవైపు, తోటలవాళ్ళు ఒకవైపు. నేను మామూలుగానే పెద్దమనిషిలా, "ముందు మీరు కానివ్వండి" అన్నాను. మొదట్లో అన్నీ సవ్యంగానే జరిగాయి. తర్వాత ఒక కప్పు దగ్గర కనుబొమ్మల మొహం మొత్తం ముడిపడింది. ముడంటే అలాంటిలాంటి ముడి కాదు, కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. ఇంత ఘోరమైన టీ ఏ తోట పంపిందిరా అనుకున్నాను. చెంచా నోటికి తాకించి, గొంతు పెంచి, "కాలిన కంపు. పస లేదు. ఇది బల్ల మీదికి రావాల్సింది కాదు" అన్నాను.

ఆ తోటాయన ఎదురుగానే నిలబడి ఉన్నాడు. ఏళ్ళ తరబడి మాకు మంచి ఆకు ఇస్తున్న మనిషి. చేతిలో టోపీ అటూ ఇటూ తిప్పుకుంటూ తల వంచుకున్నాడు.

పెద్దసారు వచ్చి చెంచా తీసుకున్నారు. జుర్రుకున్నారు, తిప్పారు, ఉమ్మలేదు. మింగేశారు. "ఈ ఏడాది నా నోట్లో పడ్డవాటిల్లో ఇంత మంచిది లేదు" అన్నారు. హాలంతా నా వైపు చూసింది. నేను కనుబొమ్మల వైపు చూశాను. అతను బుగ్గ పట్టుకుని, "వేడి తగిలిందండీ, నాకు కూడా జ్ఞానదంతం వస్తోంది" అన్నాడు.

అక్కా, ఇంక ఏం దాస్తాను? అందరి ముందూ చెప్పేశాను. నాకు రుచి తెలియడం లేదనీ, ఇన్నాళ్ళూ ఇతని మొహం చూసి చెప్తున్నాననీ. తోటాయన దగ్గరికెళ్ళి చేతులు పట్టుకున్నాను. ఆయన, "ముందు ఆ నాలుక చూపించుకోండి బాబూ" అన్నాడు. తిట్టినా బాగుండేది.

పెద్దసారు చెంచా కింద పెట్టి, "నాకున్నది ఇద్దరు. ఒకరికి నాలుక లేదు, ఇంకొకరికి పన్ను ఆగదు. నేను నడుపుతున్నది టీ కంపెనీయా, పళ్ళాసుపత్రా?" అన్నారు. నన్ను గోదాములోకి మార్చారు. పెట్టెల మీద చీటీలు సరిగా అంటించారో లేదో చూడ్డం నా పని. "నాలుక వస్తే కుర్చీ నీదే. రాకపోతే అప్పుడు మాట్లాడుకుందాం" అన్నారు. ఆ రెండో మాట చెవిలో గింగురుమంటూనే ఉంది. కనుబొమ్మలకి రేపు పన్ను తీస్తున్నారు. నా కుర్చీలో కూచోవడానికి ప్రస్తుతం ఎవరికీ నోరు లేదు.

డాక్టరమ్మ దగ్గరికి కూడా వెళ్ళాను. ఆ పన్ను వేళ్ళ పక్కనే నాలుకకి వెళ్ళే నరం ఉంటుందట, తీసేటప్పుడు అది నలిగిందట. "ముందే చెప్పాను కదా, ఇలా జరగొచ్చని" అంది. చెప్పే ఉంటుంది. అప్పుడు నేను దవడ పట్టుకుని త్వరగా కానివ్వమంటున్నాను. చాలామందికి వారాల్లోనో నెలల్లోనో తిరిగొస్తుందట, కొందరికి పూర్తిగా రాదట. సూదులు గుచ్చినట్టు, చీమలు పాకినట్టు అనిపిస్తే మంచి గుర్తట. ఇన్నాళ్ళూ ఎందుకు దాచారని గట్టిగా కేకలేసింది. ఉప్పునీళ్ళ సంగతి కూడా ఒప్పుకున్నాను. నీకు మళ్ళీ నమస్కారాలు చెప్పమంది. ఈసారివి నిజమైనవే.

భయంగా ఉందక్కా. రోజంతా నాలుకని పళ్ళ మీద రాస్తూ చీమల కోసం వెతుక్కుంటున్నాను.

నా మాట నేను చెల్లించాను. డబ్బా తెరువు.

తమ్ముడు


జూలై 6

నా పిచ్చి తమ్ముడూ,

తెరిచాను. గుండీలన్నీ నేల మీద పోసి మరీ వెతికాను. చెవిలో పెట్టుకోగానే ఎవరో పక్కనే నిలబడి గట్టిగట్టిగా కేకలు వేస్తున్నట్టనిపించింది. చూస్తే అది నా గొంతే. నేను ఇంతలా అరుస్తానని ఇన్నేళ్ళలో ఒక్కరూ చెప్పలేదేమిట్రా? చెప్పే ఉంటారులే.

రెండోది విను. మీ బావ మౌనముని కారు. ఆ మనిషి నోరు ఒక్క క్షణం ఖాళీగా ఉండదు. పేపరు వెనకాల, తలుపు వెనకాల, నేను వెనక్కి తిరిగినప్పుడల్లా గొణుగుతూనే ఉంటారు. "వస్తోంది మహారాణి." "మొదలైంది ఉపన్యాసం." "ఇంకెంతసేపో దేవుడా." నేను అరగంట చెవులప్పగించి, తర్వాత మెల్లగా, "ఉపన్యాసం అయిపోయింది, ఇక మీరు కానివ్వండి" అన్నాను. చేతిలో పేపరు జారిపోయింది. అప్పట్నించీ నిజంగానే మౌనం పాటిస్తున్నారు. పాపం, గొణగడం ఒక్కటే ఆయన సుఖం, అదీ లాగేసుకున్నాను. రోజూ కాసేపు మిషను తీసి పక్కన పెడతానని మాటిచ్చాను.

షెడ్డులోకి పెట్టుకుని వెళ్తే తల పగిలిపోతుంది, అక్కడ అరచెయ్యే నయం. కానీ ఆ అమ్మాయి ఇంటికి పెట్టుకునే వెళ్ళాను. వాళ్ళమ్మ గురించి చాలాసేపు చెప్పింది. అంతా విన్నాను. అర్థం కాకుండా ఒక్కసారి కూడా తల ఊపలేదు. వచ్చేటప్పుడు ఇద్దరం ఏడ్చాం. తప్పు నాదేనని చెప్పాను. "తెలుసు మేడమ్" అంది.

నీ భయం నాకు తెలుసురా. చెవులు మందగిస్తున్న మొదటి రోజుల్లో నేనూ ఇలాగే ప్రతి చప్పుడు కోసం గోడకి ఆనుకుని నిలబడేదాన్ని. నాది ఇక రాదు. నీది వస్తుందో రాదో నాకు తెలీదు, ఊరికే వస్తుందని రాసి నిన్ను జోకొట్టను. రాకపోతే మాత్రం నువ్వెవరో తెలీదని అనకు. నువ్వు నా తమ్ముడివి, పెద్ద కోతివి. ఆ పదవి నించి నిన్నెవరూ గోదాములోకి మార్చలేరు.

ఒక్క పని మిగిలింది. నా మరదలికి చెప్పు. నీ నాలుక పోయిందని ఆ పిల్లకి తెలీదు. నువ్వే తనకి కాకుండా పోతున్నావని భయపడుతోంది. రోజూ ఆమె టీ ఒక కప్పు తాగు, నాలుక తిరిగొస్తే మొదట దాంట్లోనే తెలుస్తుంది. అంత ఘాటైన మందు ఏ డాక్టరు దగ్గరా దొరకదు.

ఆదివారం ఫోన్ చేస్తాను. ఎత్తు.

అక్క


ఆగస్టు 24

అక్కా,

ఫోన్లు మొదలయ్యాక ఇక ఉత్తరాలెందుకులే అనుకున్నాను. నువ్వు ఫోనులో అరిచే అరుపులకి గోదాములో ఎలుకలు ఖాళీ చేశాయి కూడా. కానీ ఈ ఒక్క సంగతీ కాగితం మీదే చెప్పాలనిపించింది. ఫోనులో అయితే ఏడ్చేస్తాను, నీ మిషను ఆ ఏడుపునేం చేస్తుందో ఏమో.

నువ్వు చెప్పినట్టే ఆ రోజే మీ మరదలికి అంతా చెప్పాను. విని ఏడ్చింది. తర్వాత కోపమొచ్చింది. "అయితే నా టీ బాగుందన్నది అబద్ధమా?" అంది. అవునన్నాను. "హమ్మయ్య" అంది. ఆ పూట నించి రోజూ కప్పు తెచ్చి నా ముందు పెట్టి, పక్కనే నిలబడి మొహంలోకి చూసేది. లవంగం వదిలాక ఎడమవైపు కాస్త తెలిసేది గానీ, సగం నాలుకతో తీర్పు చెప్పకూడదని నేను తల అడ్డంగా ఊపేవాణ్ణి. కప్పు తీసుకుని వెళ్ళిపోయేది. లోపల కుళాయి చప్పుడు మామూలు కంటే ఎక్కువసేపు వినిపించేది.

పోయిన వారం నాలుక అంచున చీమలు మొదలయ్యాయి. నీకు చెప్పలేదు, దిష్టి తగులుతుందని. మీ మరదలికీ చెప్పలేదు.

ఇవాళ పొద్దున పేపరు చూస్తూ, చూసుకోకుండా పెద్ద గుక్క తాగాను. కుడివైపు చుర్రుమంది. కాలింది అక్కా! కుడి సగం కాలింది! కప్పు పట్టుకుని అలాగే ఉండిపోయాను. రెండో గుక్క అటువైపే పోసుకున్నాను. మొదట వేడి తెలిసింది. తర్వాత మెల్లగా వగరు, దాని వెనక మాడిన పాలు, దాని వెనక మరిగి మరిగి విసిగిపోయిన ఆకు. ఇంత చెత్త టీ లోకంలో ఎక్కడా ఉండదు. అంతా తెలిసింది. కొంచెం కొంచెంగా, దూరాన్నించి వస్తున్నట్టు, కానీ తెలిసింది.

"ఏమేవ్, ఇది కుడితి!" అని అరిచాను.

వంటింట్లో ఏదో కింద పడ్డ చప్పుడైంది. తడి చేతులతో పరిగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడింది. "ఏదీ, మళ్ళీ అనండి" అంది.

ఇంకా పూర్తిగా రాలేదు. కుర్చీ సంగతి పెద్దసారు నెల ఆగి చూద్దామన్నారు. తోటాయన ఒక పొట్లం పంపించాడు, మీ నాలుక వచ్చాక విప్పండి అని. అలాగే అలమరలో ఉంచాను, ఇంకా విప్పలేదు. కనుబొమ్మలు తన పన్ను గుంట మానింది కాబట్టి, "ముందు మీరు కానివ్వండి" అని నాకే చెప్తానంటున్నాడు. అతని మొహం వైపు చూడనని ఒట్టేశాను.

కవరు అంటించమని మీ మరదలికే ఇస్తున్నాను. ఈసారి కింద జాగా వదిలాను.

తమ్ముడు

వదినా, పొద్దున నా టీ కుడితి అన్నారు. మధ్యాహ్నం కుడితి అన్నారు. ఇప్పుడు సాయంత్రం కూడా అన్నారు. ఇంక నాకు భయం లేదు.
మీ మరదలు